పదకొండో పేజీలో ఫిర్యాదు

ఆ లాండ్రీలో ఆమెను అందరూ వదినా అనే పిలుస్తారు. నిజానికి ఆమె అక్కడ ఒక్కరికే వదిన. రెండో నంబరు రోలరు దగ్గర, దుప్పటికి అటు చివర పట్టుకుని నిలబడే పిచ్చుకకి. పిచ్చుక ఆమె భర్తకి ఒక్కగానొక్క చెల్లెలు. మనిషి చూస్తే పిడికెడు, నోరు మాత్రం పొద్దున షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి సాయంత్రం సైరను కూసేదాకా ఆగదు కాబట్టి ఆ పేరు. "వదినా ఇటు చూడు, వదినా కాస్త నీళ్ళు, వదినా నీకో సంగతి చెప్పనా" అని రోజుకి వందసార్లు పిలుస్తుంటే, విని విని మిగతావాళ్ళ నోటికీ అదే వచ్చేసింది. గేటు దగ్గరి వాచ్‌మన్ తాతకి డెబ్భై దగ్గర పడుతున్నాయి. ఆయనకీ వదినే.

హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు అక్కడికి మురికిగా వచ్చి ఇస్త్రీ మడతలతో వెళ్తాయి. ఉతికిన తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని రోలరుకి అందించాలి. కణకణలాడే ఇనుప రోలరు దాన్ని లోపలికి లాక్కుని, అవతలి వైపు పొడిగా, బిరుసుగా వదిలిపెడుతుంది. దుప్పటితో పాటు వేళ్ళు కూడా లోపలికి పోకుండా రోలరు ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే చాలు, మెషిను అక్కడికక్కడే ఆగిపోతుంది. అంత పెద్ద మెషినుకీ మనిషి చేతికీ మధ్య ఉన్నది ఆ ఒక్క కడ్డీనే.

రెండో నంబరు రోలరు కడ్డీ స్ప్రింగు అరిగిపోయింది. చెయ్యి తగలకపోయినా ఊరికూరికే మెషిను ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు అలా పదిహేనుసార్లు ఆగేసరికి మేనేజరు వచ్చి, కడ్డీ కదలకుండా తీగతో బిగించి కట్టించాడు. "రెండ్రోజులు ఓపిక పట్టండి, కొత్త స్ప్రింగు వచ్చేస్తుంది" అన్నాడు. ఆ రెండ్రోజులు రెండు నెలలయ్యాయి.

వదిన ఊరుకునే రకం కాదు. ఆఫీసు గదికి వెళ్ళి నిలబడి అడిగింది.

"నోటితో చెప్తే నేనేం చెయ్యను వదినా?" అన్నాడు మేనేజరు, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా. "పైవాళ్ళకి కాగితం కావాలి. ఇంగ్లీషులో రాసివ్వు. నా సంతకం పడితే అది ఫిర్యాదు కింద లెక్క."

ఇంగ్లీషులో రాసివ్వమంటే ఆ లాండ్రీలో నూటికి తొంభై మంది అక్కడే ఆగిపోతారు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. వదిన పదో తరగతి దాకా చదువుకుంది, కానీ చదువు వదిలేసి ఇరవై ఏళ్ళు. ఏ మాట పక్కన ఏ మాట పెట్టాలో తెలియక, నలుగురూ నవ్వుతారేమోనని నోరు మూసుకుని వచ్చేసింది. సరిగ్గా అప్పుడే ఇంగ్లీషు క్లాసు మొదలైంది.

క్లాసు మొదలుకావడానికి వీళ్ళ మీద ప్రేమేం కారణం కాదు. కొత్తగా బట్టలివ్వబోయే పెద్ద హోటలు వాళ్ళు, మీ పనివాళ్ళకి శిక్షణ ఇస్తున్నారా అని అడిగారు. ఇస్తున్నాం అని చెప్పడానికి ఇదొకటి పెట్టారు. అది కూడా ఎప్పుడు? మంగళవారం, శుక్రవారం, మధ్యాహ్నం తిండి తినే గంటలో సగం కోసి. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో పెన్ను. ఇరవై రెండు మందికి ఇరవై రెండు నోటుబుక్కులు ఇచ్చారు. వారానికోసారి వాటిని మాస్టారు దిద్దాలి, మేనేజరు ప్రతి పేజీ కిందా తేదీ వేసి సంతకం పెట్టి స్టాంపు గుద్దాలి, తర్వాత ఆఫీసు బీరువాలో దాచాలి. హోటలు వాళ్ళు వస్తే చూపించడానికి.

మాస్టారు సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. జేబులో ఎర్ర పెన్ను, మాటకి ముందో "చూడండమ్మా". ఆయన నేర్పింది జోడీ మాటలు.

"చూడండమ్మా, ఇంగ్లీషులో కొన్ని మాటలు జంటగానే తిరుగుతాయి. వాన గట్టిగా పడితే హెవీ రెయిన్ అనాలి. టీ ఘాటుగా ఉంటే స్ట్రాంగ్ టీ అనాలి. అటుదిటు మారిస్తే వినడానికి బాగోదు. డూ అన్నా చెయ్యడమే, మేక్ అన్నా చెయ్యడమే. అయినా హోంవర్క్ పక్కన డూ నిలబడుతుంది, కంప్లెయింట్ పక్కన మేక్ నిలబడుతుంది. ఎందుకని అడక్కండి."

"ఎందుకని అడక్కూడదా? అయితే అచ్చం మా అన్నయ్యా వదినా జోడీయే" అంది పిచ్చుక. గది గొల్లుమంది. వదిన దాని డొక్కలో మోచేత్తో ఒక్కటిచ్చింది.

నవ్వులెలా ఉన్నా వదినకి ఆ జోడీల లెక్క మొదటిరోజే పట్టుబడిపోయింది. మనకి మాత్రం లేవా? ఒట్టు వేస్తాం, దెబ్బలు తింటాం, అలక పూనుతాం. మాట ఇస్తాం, మాట తప్పుతాం, చెయ్యని దానికి మాట పడతాం. ఎవరు నేర్పారు ఇవన్నీ? పక్కపక్కన పెట్టుకుని బతకగా బతకగా వచ్చాయి. ఇంగ్లీషు వాళ్ళవీ అంతేనన్న మాట అనుకుంది. ఇరవై ఏళ్ళ భయం ఆ అరగంటలో సగం దిగింది.

"ఇచ్చిన జోడీతో మీ జీవితంలోంచి వాక్యం రాయండి, నిజమైన వాక్యం" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన అలవాటుగా అన్నాడు. వదిన మాత్రం అక్షరాలా పట్టుకుంది. బ్రేక్ ఎ ప్రామిస్ ఇస్తే, మా ఆయన కుళాయి బాగుచేస్తానని మాట తప్పాడు అని రాసింది. రన్ స్లో ఇస్తే, మా భోజనాల గది గడియారం పది నిమిషాలు వెనక అని రాసింది. ఆ నోటుబుక్కులో ఒక్క అబద్ధం లేదు. అందరివీ బీరువాలో ఉన్నా తనది మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకుని, రాత్రి వంట అయ్యాక డిక్షనరీ ముందేసుకుని, పెదవులు కదుపుతూ, కొట్టేసి మళ్ళీ రాస్తూ వాక్యం కట్టేది. దిద్ది ఇచ్చినరోజు ఎర్ర టిక్కు, పక్కన వెరీ గుడ్ కనిపిస్తే ఆ పూటంతా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

మిగతావాళ్ళు? వాళ్ళకంత ఓపికెక్కడిది. క్లాసుకి అయిదు నిమిషాల ముందు వదిన నోటుబుక్కు చుట్టూ మూగేవాళ్ళు. ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు వంగి, ఉన్నది ఉన్నట్టు దింపేసేవాళ్ళు. పెళ్ళికాని పిల్ల కూడా మా ఆయన కుళాయి బాగుచెయ్యలేదని రాసింది. వాచ్‌మన్ తాతా అదే రాశాడు. మాస్టారు ఇరవై రెండింటికీ టిక్కు పెట్టాడు, మేనేజరు ఇరవై రెండింటి కిందా సంతకం చేశాడు. తాతకి మొగుడెక్కణ్ణుంచి వచ్చాడని ఇద్దర్లో ఒక్కరూ అడగలేదు. అందరూ నవ్వుకున్నారే గానీ, అందులో నవ్వుకోకూడనిది ఒకటుందని అప్పుడెవరికీ తట్టలేదు. వదినకీ తట్టలేదు.

పదకొండో పేజీకి వచ్చేసరికి మేక్ ఎ కంప్లెయింట్ అనే జోడీ వచ్చింది.

ఆ రాత్రి వదిన చేతులు కడుక్కుని మరీ కూర్చుంది. ఇంగ్లీషులో రాసివ్వమన్నాడు, రాస్తున్నాను. సంతకం పడితే లెక్కన్నాడు, ప్రతి పేజీకీ సంతకం పడుతోంది. ఇంకేం కావాలి? నాలుగుసార్లు కొట్టేసి అయిదోసారి కుదిరిన వాక్యాలు ఇవి: ఐ మేక్ ఎ కంప్లెయింట్ టు ది మేనేజర్. ది సేఫ్టీ బార్ ఆఫ్ నంబర్ టూ రోలర్ ఈజ్ టైడ్ విత్ వైర్. ప్లీజ్ రిపేర్ ఇట్. సంబడీ విల్ లూజ్ ఎ హ్యాండ్. కడ్డీని తీగతో కట్టేశారు, బాగుచేయించండి, లేకపోతే ఎవరిదో చెయ్యి పోతుంది అని. ఇంతకంటే తేటగా ఏ దొర రాస్తాడు?

నోటుబుక్కు తిరిగొచ్చింది. నాలుగు వాక్యాలకీ నాలుగు ఎర్ర టిక్కులు. పక్కన ఎక్సలెంట్. కింద తేదీ, మేనేజరు సంతకం, గుండ్రటి స్టాంపు.

"చూశావా, సంతకం పెట్టాడు" అని పిచ్చుకకి చూపించింది, ఏదో పతకం చూపించినట్టు. "ఇంక వాళ్ళే చూసుకుంటారు. నీకెందుకు భయం."

పిచ్చుకకి ఆ రోలరంటే లోపల బెదురుండేది. ఆ రోజు నుంచి తగ్గింది. వదిన మాత్రం స్ప్రింగు కోసం ఎదురు చూసింది. పైవాళ్ళ దాకా వెళ్ళాలి, టైము పడుతుంది అనుకుంది. పదిహేనో పేజీలో పే అటెన్షన్ కింద మళ్ళీ రాసింది. పంతొమ్మిదో పేజీలో లూజ్ పేషెన్స్ కింద ఇంకోసారి రాసింది. ప్రతిసారీ టిక్కు, ప్రతిసారీ సంతకం.

ఇరవై మూడో పేజీ దగ్గర, ఒక సోమవారం పొద్దున, పిచ్చుక కుడిచెయ్యి రోలరులోకి పోయింది.

దుప్పటి కొస ముడతపడితే సర్దబోయింది. అంతే. కడ్డీకి చెయ్యి కొట్టుకుంది, కడ్డీ కదల్లేదు. మెషిను ఆపే ఎర్ర బటను రోలరుకి అవతలి చివర ఉంది. వదిన దుప్పటి వదిలేసి మెషిను చుట్టూ పరుగెత్తి దాన్ని గుద్దడానికి ఎన్ని క్షణాలు పట్టిందో గానీ, ఆ క్షణాలన్నీ పిచ్చుక ఒక్కటే మాట అరిచింది. వదినా అని. మూడు వేళ్ళు, అరచెయ్యి కాలిపోయాయి. చెయ్యి నిలుస్తుంది, వేళ్ళ మాట ఇప్పుడే చెప్పలేమన్నారు ఆసుపత్రిలో.

మంగళవారం వదిన పనికొచ్చి చూస్తే రోలరుకి కొత్త స్ప్రింగు, కొత్త కడ్డీ. తళతళలాడుతోంది. పది నెలల్లో రానిది ఒక్క రాత్రిలో వచ్చింది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మేనేజరు ఆఫీసుకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. పనిమనిషి కబుర్లాడుతూ అజాగ్రత్తగా ఉండటం వల్లే ప్రమాదం జరిగిందని అందులో ఉంది. కింద సాక్షి సంతకానికి ఖాళీ. "గురువారం తనిఖీ ఆఫీసరు వస్తున్నారు. నువ్వొక సంతకం, ఆసుపత్రికెళ్ళి ఆ పిల్ల చేత ఎడంచేతి వేలిముద్ర. అయిపోతుంది."

"ఏమిటి అయిపోయేది?" అంది వదిన. ఆ కాగితం మీద సంతకం పడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తప్పు పిచ్చుకదే అవుతుంది. వైద్యం చేయించే పూచీ లాండ్రీకి ఉండదు, ఉద్యోగమూ ఉండదు. కాలిన చెయ్యి కాలినట్టే పట్టుకుని ఇంట్లో కూర్చోవాలి, పైగా అజాగ్రత్త మనిషి అని మాట పడాలి. "నేను రాసిచ్చాను కదండీ! మీరు సంతకం కూడా పెట్టారు!"

సంచిలోంచి నోటుబుక్కు తీసి పదకొండో పేజీ చూపించింది. మేనేజరు చదివాడు. ఆ పేజీ ఆయన చదవడం అదే మొదటిసారి. మొహంలో రంగు మారింది. తర్వాత మెల్లగా నోటుబుక్కు మూసి, "దీన్నిలా ఉంచు, పైవాళ్ళతో మాట్లాడతాను" అని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

బుధవారం అడిగితే, "ఏ నోటుబుక్కు?" అన్నాడు.

ఒళ్ళు భగ్గుమంది. ఇన్నాళ్ళూ చదవనివాడు, చదివిన మరుక్షణం దొంగయ్యాడు! ఇంటికెళ్ళి గిన్నెలన్నీ ఠంగు ఠంగుమని పడేసింది. "పోలీసుల దగ్గరికెళ్దామా?" అన్నాడు భర్త. "ఏం చెప్తావ్? హోంవర్కు పుస్తకం పోయిందనా?" అని ఆయన మీద ఎగిరింది. ఆ కోపంలో ఆమెకి ఒక్క విషయం గుర్తు రాలేదు. రాగలిగేంత స్థిమితం ఆమె దగ్గర లేదు.

గురువారం తనిఖీ ఆఫీసరు వచ్చింది. యాభై ఏళ్ళావిడ, కళ్ళజోడు, చేతిలో ఫైలు. భోజనాల గదిలో బల్లలు కలిపి వేశారు. ఇరవై ఒక్క మందీ గోడవారన నిలబడ్డారు. ఇంగ్లీషు మాస్టారిని కూడా పిలిపించారు, శిక్షణ గురించి చెప్పడానికి. ఆఫీసరు కొత్త కడ్డీ చూసింది, చెయ్యి తగిలించి మెషిను ఆగడం చూసింది, రాసుకుంది.

"ఇంతకు ముందు దీని మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా?"

మేనేజరు ఫిర్యాదుల రిజిస్టరు తెచ్చి తెరిచాడు. అట్ట మీద దుమ్ము తప్ప లోపల ఏమీ లేదు. "ఒక్కటి కూడా లేదు మేడం. ఎవరైనా రాసిస్తే ఒక్కరోజులో బాగుచేయిస్తాం."

"నేను రాసిచ్చాను" అంది వదిన.

"ఎక్కడుంది?"

"ఆయన తీసుకున్నారు."

మేనేజరు జాలిగా నవ్వాడు. "బాధలో ఉంది మేడం. దెబ్బ తగిలింది ఆవిడ ఆడపడుచుకే. ఆవేశంలో ఏదో అంటోంది." ఆ జాలి చూస్తే వదినకి అక్కడికక్కడే చెంప పగలగొట్టాలనిపించింది. ఆఫీసరు తలూపి ఏదో రాసుకుంది. సాక్షి సంతకం లేకుండానే మేనేజరు ఇచ్చిన అజాగ్రత్త కాగితం ఆమె ఫైలు మీదే ఉంది. ఇంకో రెండు మాటలైతే అది ఫైలు లోపలికి పోతుంది.

"పనివాళ్ళకి శిక్షణ?" అని అడిగింది ఆఫీసరు.

ఇక్కడ మేనేజరుకి ఉత్సాహం తన్నుకొచ్చింది. చెప్పుకోదగ్గది అదొక్కటే మరి. "ఇంగ్లీషు కూడా నేర్పిస్తున్నాం మేడం! ఎనిమిది నెలలుగా. ప్రతి పేజీ మాస్టారు దిద్దుతారు, ప్రతి పేజీ నేనే స్వయంగా పరిశీలించి సంతకం చేస్తాను" అంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళి బీరువా తెరిచి, నోటుబుక్కుల దొంతర రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆ దొంతర మీద వదిన చూపు పడింది. ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు వంగి రాసుకున్న ఆ అయిదు నిమిషాలు గుర్తొచ్చాయి. వాచ్‌మన్ తాత వైపు చూసింది. తాతకీ వెలిగింది, మీసం కింద మూతి బిగించాడు.

ఆఫీసరు నోటుబుక్కులు తెరవలేదు. వేలితో లెక్కపెట్టింది. "ఇరవై రెండు మందన్నారు. ఇరవై ఒకటే ఉన్నాయి?"

"అదీ... ఒకటి ఎక్కడో..." మేనేజరు నసిగాడు.

"సరే" అని ఆఫీసరు తన కాగితంలో శిక్షణ అనే గడిలో టిక్కు పెట్టబోయింది.

"టిక్కు పెట్టకండి మేడం!"

వదిన గొంతుకి గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చేసింది. "ఎనిమిది నెలలుగా అందరూ మాకు టిక్కులే పెడుతున్నారు. మీరైనా ఒక్కటి తెరవండి. ఏదైనా సరే, మీ ఇష్టం. పదకొండో పేజీ. ఆ ఇరవై రెండోది ఆయన సొరుగులో ఉంది, అది తర్వాత చూద్దురు గానీ."

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని పైనున్నది తీసింది. అది తాతది. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, "మై హజ్బండ్..." అని చదివి, అట్ట మీద పేరు చూసి, మీసాల తాతని చూసింది. గోడవారన కిసుక్కుమన్నారు. తర్వాత పదకొండో పేజీ వచ్చింది. ఆమె పైకే చదివింది. ఐ మేక్ ఎ కంప్లెయింట్ టు ది మేనేజర్. చదువుతున్న కొద్దీ గొంతు నెమ్మదించింది. సంబడీ విల్ లూజ్ ఎ హ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి గదిలో నవ్వు చచ్చిపోయింది.

రెండో నోటుబుక్కు తీసింది. అదే. మూడోది. అదే. నాలుగు, అయిదు, ఆరు. ఒక్కొక్కటి ఒక్కొక్క చేతిరాత, కొందరివి కోడిగీతలు, అన్నిటి కిందా ఒకే సంతకం, ఒకే తేదీ. తేదీ చూస్తే ప్రమాదానికి అయిదు నెలల ముందుది.

"కాపీ మేడం!" అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ. "అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి దింపినవి. ఇది ఫిర్యాదు కాదు, పాఠం. పాఠంలో వాక్యాలు ఎవరైనా నిజమనుకుంటారా? మాస్టారూ, మీరు చెప్పండి!"

మాస్టారు లేచాడు. జేబులోని ఎర్ర పెన్ను మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేను... జోడీ సరిగ్గా పడిందా లేదా, అంతవరకే చూశానమ్మా" అన్నాడు వదినతో, ఆఫీసరుతో కాదు. "మేక్ పక్కన కంప్లెయింట్ ఉంది. టిక్కు పెట్టేశాను. వాక్యం చదవలేదు."

"నిజమైన వాక్యం రాయమన్నది మీరే కదండీ మాస్టారూ" అంది వదిన. అరవలేదు. ఆమె మేనేజరు వైపు తిరిగింది. ఇప్పుడు అరిచింది. "కాపీయే! దింపారు! అయితే ఏం? మీరు ఇరవై రెండుసార్లు సంతకం పెట్టారు. ఇరవై రెండుసార్లు! ఇరవై రెండింట్లో ఒక్కటి, పోనీ ఒక్క ముక్క చదివి ఉంటే ఆ పిల్ల చెయ్యి ఈవేళ బాగుండేది. ఇంగ్లీషులో రాసివ్వమన్నారు, రాశాం. సంతకం పడితే లెక్కన్నారు, పడింది. తినే తిండి మానుకుని మీ భాష నేర్చుకుని మరీ చెప్పాం కదండీ! ఇంక ఏ భాషలో చెప్తే వింటారు మీరు? అజాగ్రత్త ఎవరిది?"

ఆఫీసరు అజాగ్రత్త కాగితాన్ని ఫైలు మీంచి తీసి, అడ్డంగా గీత కొట్టి మేనేజరుకే తిరిగిచ్చింది. "ఇది నా ఫైల్లోకి రాదు. వైద్యం మొత్తం మీ బాధ్యత, ఆమె ఉద్యోగం కూడా. మిగతాది రాతపూర్వకంగా వస్తుంది. ముందు ఆ సొరుగు తెరవండి."

గోడవారన ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడైంది. తాత చేతికర్ర నేల మీద గట్టిగా కొట్టాడు. వదినకి గెలిచానన్న సంతోషం ఇంకా గొంతు దాకా రాలేదు. ఎందుకంటే ఆఫీసరు అప్పటికే ఇంకో నోటుబుక్కు తెరిచి పట్టుకుని, "ఇది ఆ అమ్మాయిదే కదూ?" అంటోంది.

పిచ్చుక నోటుబుక్కు. అట్ట మీద పేరు చుట్టూ పువ్వులు గీసుకుంది. పదకొండో పేజీ అందరి లాగే వదిన నుంచి దింపింది. ఆఫీసరు పన్నెండో పేజీ చూపించింది. అక్కడి జోడీ టేక్ కేర్. ఆ వాక్యం మాత్రం పిచ్చుక ఎవర్నీ చూసి రాయలేదు. వంకర టింకర అక్షరాలు, కుడిచేత్తో రాసినవి: మై వదిన టేక్స్ కేర్. షి టోల్డ్ ది మేనేజర్. నౌ ఐ యామ్ నాట్ అఫ్రెయిడ్ ఆఫ్ ది రోలర్.

వదిన చూసుకుంటుంది. మేనేజరుకి చెప్పేసింది. ఇప్పుడు నాకు భయం లేదు.

పక్కన ఎర్ర టిక్కు. వెరీ గుడ్.

వదిన ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుంది. భయం ఉన్నన్నాళ్ళూ పిచ్చుక చెయ్యి దూరంగా పెట్టుకుని దుప్పటి అందించేది. ఆ భయం తీసేసింది ఎవరు? కోపం ఈసారి తన మీదికే తిరిగింది. సంతకం చూసి మురిసిపోయి, టిక్కులు లెక్కపెట్టుకుని, మళ్ళీ ఒక్కసారైనా ఆ ఆఫీసు గదికి వెళ్ళి బల్ల గుద్ది అడగలేదు. చదివాడో లేదో కనుక్కోలేదు. ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఇందాకటి జాలి మళ్ళీ వాడి మొహంలోకి వస్తుంది.

"మేడం, ఒక తెల్ల కాగితం ఇప్పించండి" అంది.

నిలబడే రాసింది, తన భాషలో. జోడీలు వెతుక్కోలేదు, డిక్షనరీ చూడలేదు, ఒక్క మాట కొట్టెయ్యలేదు. నాలుగో నంబరు రోలరు ఎర్ర బటను పనిచెయ్యడం లేదు. ఆరబెట్టే మెషిను తలుపు ఇటుకరాయి అడ్డం పెట్టి మూస్తున్నాం. వెనక గుమ్మానికి పగలంతా తాళం ఉంటోంది, నిప్పంటుకుంటే మాకు దారి లేదు. పిచ్చుక చెయ్యి కాలింది దాని తప్పు వల్ల కాదు. కింద తన పేరు రాసి, కాగితం మేనేజరు ముందుకి తోసింది.

మేనేజరు అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశాడు. ఆ చెయ్యి తిన్నగా కాగితం అడుగుకి, సంతకం పెట్టే చోటుకి వెళ్ళింది. వదిన తన అరచెయ్యి అక్కడ అడ్డం పెట్టింది.

"ముందు చదవండి."

ఆయన కళ్ళని కాగితం మీద అటూ ఇటూ పరుగెత్తించాడు. "చదివాను."

"అలా కాదు. పైకి. అందరికీ వినపడేలా."

మేనేజరు ఆఫీసరు వైపు చూశాడు. ఆమె ఫైలు మూసి, చేతులు కట్టుకుని వెనక్కి ఆనుకుంది. మాస్టారు ఎర్ర పెన్ను బల్ల మీద పెట్టేసి, వినడానికి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. పది నిమిషాలు వెనకబడ్డ గడియారం కింద ఇరవై మంది నిలబడి ఉన్నారు.

"నాలుగో నంబరు రోలరు..." అని మొదలుపెట్టాడు మేనేజరు.

"గట్టిగా" అంది వదిన. చెయ్యి తియ్యలేదు.